పెరట్లో జెర్రిపోతులు: ఉండనివ్వాలా, పట్టించాలా?

మునగచెట్టు: మాది తెనాలి దగ్గర పల్లె. పొద్దున గడ్డివామి పక్కన రెండు జెర్రిపోతులు పెనవేసుకుని మోకాలెత్తున లేచాయి. అందులో ఒకటి నాగుపామేనని, జత కడుతున్నాయని పక్కింటాయన అంటున్నాడు. పాములు పట్టే అతన్ని పిలవనా?

పెరటితోట: పిలవొద్దండీ. రెండూ జెర్రిపోతులే, రెండూ మగవే. అది జత కట్టడం కాదు, పోట్లాట. ఒకదాని తల ఇంకోటి కిందికి అదుముతుంది, ఓడింది వెళ్లిపోతుంది. విషం లేదు, ఎలుకల్ని తింటుంది. చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు కూడా.

గోదారోడు: చంపమని ఎవరన్నారు? జత కట్టదని మాత్రం ఎలా చెప్తారు? మా తాత కళ్లారా చూశాడు.

పెరటితోట: తాతగారు చూసింది ఈ పోట్లాటే అయ్యుంటుంది. జెర్రిపోతు, నాగుపాము వేరు వేరు జాతులు, జత కట్టవు. జెర్రిపోతు బెదిరితే మెడ ఉబ్బించి బుస కొడుతుంది, దాన్ని చూసి పడగ అనుకుంటారు. పెద్ద గుండ్రటి కన్ను, పెదవి పొలుసుల మీద నల్లగీతలు, తోకవైపు నల్లచారలు చూడండి.

గోదారోడు: తాత సంగతి వదిలేద్దాం. పెదవి మీద గీతలు చూడాలంటే ఎంత దగ్గరికెళ్లాలో మీకు తెలుసా?

సన్నజాజి: మా ఇంట్లోనూ ఉంది. ఎలుకలు తగ్గాయి.

గోదారోడు: మీకు తగ్గాయి, సంతోషం. మా నాన్న వరండాలో చాప మీద పడుకుంటే రాత్రి ఏదో కుట్టినట్టయింది. పాముని చూసిన ఒకాయన, మీలాగే అన్నీ తెలిసినట్టు, "విషం లేనిదే, పడుకోండి" అన్నాడు. అది కట్లపాము. తెల్లవారేసరికి రెప్పలు ఎత్తలేకపోయాడు. ఆసుపత్రిలో ఇంజక్షన్ ఇచ్చారు, బతికాడు. అందుకే ఫోన్లో ఫొటో చూసి "వదిలేయండి" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

పెరటితోట: క్షమించండి, ఇది తెలియక వాదించాను. కాటు పడితే ఏ పామైనా సరే వెంటనే ఆసుపత్రికే, అందులో రెండో మాట లేదు. కట్లపాము కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. కానీ నేను చెప్పింది పగటిపూట పెరట్లో తిరిగే జెర్రిపోతు గురించి. దాన్ని తరిమేస్తే ఎలుకలు మిగులుతాయి, ఎలుకలుంటే నాగుపామూ రావచ్చు.

సన్నజాజి: మంచం మీద దోమతెర కట్టుకుని పడుకోండి, అన్నిటికంటే ముందు అది.

మునగచెట్టు: ఇంతకీ నేనేం చేయాలి?

పెరటితోట: గడ్డివామి దగ్గరికి పిల్లల్ని పోనీయకండి, వాటిని కదిలించకండి. ఇంట్లోకి వస్తే అప్పుడు పట్టించండి.

గోదారోడు: ఆయన పెరటికీ ఇంటికీ మధ్య తలుపుందో లేదో అడిగారా?