అంతరిక్షం నుంచి వచ్చాక రాకేశ్ శర్మ గారు చేసిన పని గురించి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్ టీచర్‌ని. పిల్లల కోసం, అంతరిక్షంలోకి వెళ్లిన తొలి భారతీయుడు రాకేశ్ శర్మ గారి మీద ఒక పాఠం తయారు చేస్తున్నాను. 1984 ఏప్రిల్‌లో సోయుజ్ టి-11 వ్యోమనౌకలో వెళ్లి సాల్యూట్-7 అంతరిక్ష కేంద్రంలో గడిపిన రోజుల గురించి బోలెడంత దొరుకుతోంది. 1971 యుద్ధంలో మిగ్-21 యుద్ధవిమానం నడిపారనీ చెప్పాను. హైదరాబాద్‌లో పెరిగి నిజాం కాలేజీలో చదివారనగానే పిల్లలకు ఎంత సంతోషమో!

నాకు కావాల్సింది ఆ తర్వాతి కథ. వింగ్ కమాండర్‌గా వాయుసేన నుంచి రిటైరై, 1987లో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్‌లో (హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్) చేరి, నాసిక్‌లో చీఫ్ టెస్ట్ పైలట్‌గా పనిచేశారు. అంతరిక్షం చూసొచ్చిన మనిషి మళ్లీ అంత ప్రమాదమున్న పనికి వెళ్లడం నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

టెస్ట్ పైలట్ రోజు ఎలా గడుస్తుంది? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త విమానాన్ని మొదటిసారి పైకి తీసుకెళ్లినప్పుడు ఏమేం చూస్తారు? హెచ్ఏఎల్‌లోనో వాయుసేనలోనో పనిచేసినవాళ్లు ఉంటే, ఎనిమిదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా నాలుగు మాటలు రాయండి. ఆయన ఇంటర్వ్యూలు తెలుగులో ఎక్కడైనా వచ్చి ఉంటే అదీ చెప్పండి. పాఠం వచ్చే వారమే, కాస్త టెన్షన్‌గా ఉంది.