అప్‌డేట్: లీడ్స్ నుంచి స్కిప్టన్‌కి మారడం, పాత రాతి ఇంటి చెమ్మ సంగతి

ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరంలోని ఉద్యోగం వదలకుండా, చిన్న ఊరైన స్కిప్టన్‌లో గ్రేడ్ 2 లిస్టెడ్ (చారిత్రక కట్టడంగా చట్టం కాపాడే) రాతి ఇల్లు కొనొచ్చా, గోడ చెమ్మ మాటేమిటి అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కొన్నాం.

బాగా పనికొచ్చిన సలహా లెవెల్ 3 సర్వే, అంటే కొనే ముందు ఇంటిని నిపుణుడితో పూర్తిగా పరీక్ష చేయించడం. గోడలోకి కెమికల్ ఇంజెక్షన్ చేయాలని చెమ్మ పనులు చేసే ఒక డ్యాంప్ కంపెనీ కొటేషన్ ఇచ్చింది. అది అక్కర్లేదని తేలింది. అసలు కారణం రాళ్ల మధ్య ఎవరో పూసిన సిమెంటు. లోపలి తడి బయటికి ఆరే దారి మూసుకుపోయి, ప్లాస్టర్ పొక్కులు లేచి రాలుతోంది. మందు: సిమెంటును ఉలితో చేత్తోనే తీసి (గ్రైండర్ పెడితే రాతి అంచులు పోతాయి), 25 మిల్లీమీటర్ల లోతున సున్నం గచ్చు నింపడం. 5 డిగ్రీల లోపు చలిలో ఈ పని పెట్టుకోకూడదు, సున్నం గట్టిపడక రాలిపోతుంది. మొదలుపెట్టే ముందు కౌన్సిల్‌లో (స్థానిక ప్రభుత్వంలో) పాత కట్టడాల సంరక్షణ చూసే కన్సర్వేషన్ ఆఫీసర్‌ని అడగండి. ఇలాంటి ఇంట్లో మార్పులకు కావాల్సిన అనుమతి అయిన లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్‌కి ఫీజు లేదు, కానీ అవసరమైన చోట తీసుకోకపోతే నేరమే. కిటికీలు మార్చాలన్నా అంతే.

రైలు భయం అనవసరం: లీడ్స్‌కి నేరుగా ముప్పావుగంట. పప్పులు, కరివేపాకు బ్రాడ్‌ఫర్డ్‌లో దొరుకుతాయి, అక్కడికీ నేరు రైలుంది. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో హై స్ట్రీట్ మీద సంత. కూరగాయలకు హాయి, ఆ రోజుల్లో అక్కడ కారు పెట్టడం మాత్రం మర్చిపోండి.