రాకెట్ మోటారు కరిగిపోకుండా తొలితరం ఔత్సాహికులు ఏం చేశారు?

ప్రశ్న (ఉపాధ్యాయుడు, తిరుపతి):
మా బడి పిల్లలను శ్రీహరికోటకు తీసుకువెళ్లి ప్రయోగం చూపించి వస్తుంటే, "లోపల అంత మంట మండుతుంటే ఇంజిన్ కరిగిపోదా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. సొంత డబ్బుతో, చిన్న చిన్న సంఘాలుగా ద్రవ ఇంధన మోటార్లు తయారుచేసిన తొలితరం వారు ఈ చిక్కును ఎలా దాటారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (చిత్తూరు):
నమస్కారం మాస్టారూ. మొదట్లో అవి నిజంగానే కరిగిపోయేవి. 1926 మార్చి 16న అమెరికాలోని ఆబర్న్‌లో శాస్త్రవేత్త రాబర్ట్ గొడ్డార్డ్ ప్రయోగించిన పెట్రోలు, ద్రవ ఆక్సిజన్ రాకెట్ 41 అడుగుల ఎత్తుకు లేచింది గానీ, నాజిల్ (మంట బయటకు దూసుకువచ్చే గొట్టం) కింది సగం కాలి ఊడిపోయాకే అది నేలను విడిచిందని ఆయన డైరీలో రాసుకున్నారు. 1930లో జర్మనీ ఔత్సాహికులు తమ 'మిరాక్' మోటారును ద్రవ ఆక్సిజన్ ట్యాంకులోనే అమర్చి చల్లబరచాలనుకున్నారు. ఆలోచన బాగానే ఉంది. అయితే మోటారు వేడికి ఆక్సిజన్ ఆవిరై ఒత్తిడి పెరిగితే ట్యాంకు తట్టుకోలేదు. ఆ ఏడాదే అది పేలిపోయింది.

జవాబు (తిరుపతి):
పై జవాబుకు కొనసాగింపుగా, అసలు మలుపు జేమ్స్ వైల్డ్ దగ్గర వచ్చిందని నా అభిప్రాయం. అమెరికన్ రాకెట్ సొసైటీ సభ్యుడైన ఈ యువ ఇంజనీరు, మండబోయే ఇంధనాన్నే ముందుగా మోటారు జంట గోడల మధ్య సన్నని దారిలో పారించి, అక్కడి వేడిని పీల్చుకున్న తరువాత దహన గదిలోకి పంపాడు. అందువల్ల చల్లబరచడానికి వేరే నీళ్లు మోయనక్కరలేదు, గోడ పీల్చిన వేడి కూడా వృథా కాకుండా ఇంధనంతో లోపలికే తిరిగి వస్తుంది. 1938 డిసెంబరులో పరీక్షించిన ఆ మోటారు బరువు కిలోకు కాస్త అటూఇటుగా ఉంటే, అది 40 కిలోల తోపుడు ఇచ్చింది! పిల్లలకు చూపించాలంటే, కాగితపు కప్పులో నీళ్లు పోసి మీరే కొవ్వొత్తి మీద పట్టుకోండి. నీళ్లు వేడిని లాగేసుకుంటున్నంతసేపు కాగితం అంటుకోదు.

జవాబు (చిత్తూరు):
వియన్నాలో ఓయ్‌గెన్ జేంగర్ 1930ల తొలి సంవత్సరాల్లోనే ఇంధనంతో చల్లబరిచే మోటార్లను పరీక్షించారు కనుక ఆయన పేరూ చెప్పాలి. అలాగే 1930 మే నెలలో బెర్లిన్‌లో మోటారు పరీక్షలో పేలి రాకెట్ ప్రయోగకర్త మాక్స్ వాలియే మరణించిన సంగతి దాచకుండా చెప్పండి, లేకపోతే పిల్లలు ఇదంతా ఇంటి పెరట్లో చేసుకునే పని అనుకుంటారు. ఇక వైల్డ్, ఆయన మిత్రులు 1941లో రియాక్షన్ మోటార్స్ సంస్థను స్థాపించారు. 1947 అక్టోబరు 14న ధ్వని వేగాన్ని దాటిన బెల్ ఎక్స్-1 విమానానికి ఇంజిన్ ఇచ్చింది ఆ సంస్థే.