తెర మీద సినిమా, ముందు నాట్యం: లైట్లు ఎలా పెట్టాలి?

నమస్తే అండీ. మాది 8 మంది ఉన్న చిన్న నాటక బృందం. వచ్చే నెల ఒక చిన్న హాల్లో ప్రదర్శన వేస్తున్నాం. వెనక తెర మీద మేమే తీసిన షార్ట్ ఫిల్మ్ నడుస్తుంటుంది, దాని ముందు ఇద్దరు నాట్యం చేస్తారు.

చిక్కంతా వెలుతురుతోనే. ముందు నుంచి లైట్ వేస్తే తెర మీద బొమ్మ వెలిసిపోతోంది. తీసేస్తే ముఖాలు కనబడవు. నిన్న రెండు పక్కల నుంచి, మోకాలి ఎత్తులో లైట్లు పెట్టి చూశాం. కాంతి తెర మీద పడలేదు, ఒంటి కదలికలు ఎంతో అందంగా తేలాయి. కానీ ముఖంలో అభినయం సగమే కనిపించింది. అది పోతే మా ప్రదర్శనకు ప్రాణమే లేదు.

పైగా ప్రొజెక్టర్ ముందు వైపు ఉండటంతో నర్తకుల నీడలు తెర మీద పడుతున్నాయి. వెనక నుంచి ప్రొజెక్ట్ చేద్దామంటే 2 మీటర్ల చోటే ఉంది. త్రో రేషియో (తెరకు ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 0.5 ఉన్న ప్రొజెక్టర్‌తో 4 మీటర్ల వెడల్పు బొమ్మ వస్తుందని లెక్క. మరి ప్రేక్షకులకు తెర మధ్యలో, వెనకున్న లెన్స్ వెలుగు మచ్చలా కనబడుతుందా? దానికి ఎలాంటి తెర వాడాలి?

ఇంకొకటి, చీకటి సీన్లలో కూడా ప్రొజెక్టర్ బూడిదరంగు వెలుగు వదులుతోంది. లెన్స్‌కి అట్ట అడ్డం పెట్టడం కాకుండా వేరే దారి ఉందా?

ఇలాంటివి చేసినవాళ్లు దయచేసి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.