అమ్మానాన్నలతో స్మోకీస్‌లో క్యాబిన్: ఫోటోలు కాదు, ముందు దారి చూడండి

కమింగ్, జార్జియా నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం అమెరికా వచ్చి కొద్ది నెలలే అయింది. ఖమ్మం నుంచి అమ్మానాన్నలు వచ్చారు. థాంక్స్‌గివింగ్ సెలవులకు వాళ్లను టెనెసీలో స్మోకీస్ (గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు) పక్కనున్న గాట్లిన్‌బర్గ్ వైపు తీసుకెళ్దామనుకుంటున్నాం. అడవి పక్కన, కొండ మీద ఒక లాగ్ క్యాబిన్ (దుంగల ఇల్లు) చూశాను. ఫోటోలు అదిరిపోయాయి, డెక్ మీద హాట్ టబ్ కూడా ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాకు ఇక్కడి లైసెన్స్ ఈమధ్యే వచ్చింది. బుక్ చేసేయొచ్చా? ఎలుగుబంట్లు ఇళ్ల దగ్గరికి వస్తాయంటున్నారు, నిజమేనా?

ఆల్ఫారెట్టా నుంచి

తప్పకుండా వెళ్లండి. కాకపోతే ఫోటోలు చూసి కాదు, దారి చూసి బుక్ చేయండి. అక్కడ క్యాబిన్‌లోపల ఇబ్బంది పడ్డవాళ్లకంటే, క్యాబిన్ దాకా చేరడానికి తంటాలు పడ్డవాళ్లే నాకు ఎక్కువమంది తెలుసు.

తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు. మలుపు తిరిగితే ఎదురుగా బండి రాదన్న ధైర్యం ఉంటుంది. క్యాబిన్ల రోడ్లు అలా కాదు. చాలాచోట్ల ఒక్క కారు పట్టే వెడల్పే, దానిమీదే రెండు వైపుల నుంచీ బళ్లు. పక్కన రెయిలింగ్ ఉంటుందన్న గ్యారంటీ లేదు, చివరి కొంత దూరం కంకర. లిస్టింగ్‌లో 'సెక్లూడెడ్' (జనానికి దూరంగా) అని గొప్పగా రాశారంటే నేను ముందు అనుమానించేది రోడ్డునే. 'ఫోర్ వీల్ డ్రైవ్' కావాలని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటే, చలికాలంలో సెడాన్ వేసుకుని దాని జోలికి పోవద్దు. రివ్యూల్లో 'స్టీప్', 'డ్రైవ్‌వే', 'ఐస్' అన్న మాటలు కొట్టి వెతకండి, అసలు సంగతులు అక్కడ బయటపడతాయి. ఓనర్‌ను సూటిగా అడగండి: ఇంటి దాకా తారు రోడ్డేనా, కారు పెట్టే చోటు చదునుగా ఉందా, అక్కడి నుంచి గుమ్మానికి ఎన్ని మెట్లు?

అమ్మగారి మోకాళ్ల దృష్ట్యా ఈ మెట్ల ప్రశ్న ముఖ్యం. కొండవాలు మీద కట్టిన ఇళ్లు కదా, చాలావాటిలో రోడ్డు వైపు తలుపు తీస్తే పై అంతస్తులోకి వెళ్తాం. కొన్ని బెడ్‌రూమ్‌లు, హాట్ టబ్ కింద అంతస్తులో ఉంటాయి. 'లాఫ్ట్' అని చూపిస్తే, అది రెయిలింగ్ మాత్రమే ఉన్న అటక, నిటారు మెట్లు. గుమ్మం ఉన్న అంతస్తులోనే ఒక బెడ్‌రూమ్, బాత్రూమ్ ఉన్న ఇల్లు చూడండి. '12 మందికి సరిపోతుంది' అనే లెక్కలో సోఫా కూడా కలిసి ఉంటుంది, అదీ గుర్తుపెట్టుకోండి.

నవంబర్ చివర్లో అక్కడ సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు కనపడడు. చెక్-ఇన్ ఎక్కువగా నాలుగింటికి ఇస్తారు. కాబట్టి వెలుగుండగానే క్యాబిన్ రోడ్డు ఎక్కేలా బయల్దేరండి, వంటసామాన్లు ముందే కొనేసుకోండి. మీ వైపు నుంచి జీపీఎస్ 441 హైవే పట్టించి, చెరోకీ మీదుగా న్యూఫౌండ్ గ్యాప్ దాటించే అవకాశం ఉంది. ఆ కనుమ ఎత్తు 5,046 అడుగులు. కింద వాన పడుతుంటే పైన మంచు పడుతూ ఉండొచ్చు, గడ్డకడితే రోడ్డు మూసేస్తారు. ఆ దారి స్మోకీస్ పార్కులోంచే పోతుంది, లోపల పెట్రోల్ బంకు లేదు, ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. పగటిపూట, వాతావరణం బాగుంటే మాత్రం ఆ దారినే వెళ్లండి, పెద్దవాళ్లు కిటికీలోంచి తల తిప్పరు. చీకటి పడేలా ఉన్నా, మంచు సూచన ఉన్నా ఐ-75 మీద చాటనూగా, నాక్స్‌విల్ వైపు నుంచి రండి. దూరమైనా టెన్షన్ ఉండదు. దిగుడులో కాలు బ్రేక్ మీదే పెట్టి ఉంచకండి, లో గేర్ వేయండి.

ఎలుగుబంట్ల సంగతి నిజమే. స్మోకీస్ పార్కులో సుమారు 1,900 నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయని పార్కువాళ్లే చెబుతారు. ఊరికీ అడవికీ మధ్య కంచె లేదు. నవంబర్‌లో చలికాలానికి ముందు ఒళ్లు చేసుకునే పనిలో ఉంటాయి కాబట్టి వాటికి తిండి తప్ప వేరే ధ్యాస ఉండదు. కారు డోర్ హ్యాండిల్ లాగి తెరవడం వాటికి వచ్చు. లోపలికెళ్లాక తలుపు మూసుకుపోతే సీట్లు చీల్చి పోగులు పెడతాయి. కారులో చిప్స్ ప్యాకెట్ కాదు కదా, చూయింగ్ గమ్ కూడా వదలకండి, ఎప్పుడూ లాక్ చేయండి. చెత్త ఎలుగు తెరవలేని డబ్బాలోనే వేసి, గొళ్లెం సరిగ్గా పడిందో లేదో చూడండి. కనిపిస్తే కనీసం 150 అడుగుల దూరం ఉండాలి, ఇది పార్కులో చట్టం. పరుగెత్తకండి, దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. సెల్ఫీల గురించి వేరే చెప్పను.

నాక్స్‌విల్ నుంచి

తమ్ముడూ, దారి సంగతి అన్నయ్యగారు చెప్పేశారు, నేను వంటింటి సంగతి చెప్తాను. చాలా క్యాబిన్లలో పొయ్యి మీది ఫ్యాన్ పొగను బయటికి పంపదు, అక్కడక్కడే తిప్పుతుంది. ఎండుమిర్చి తాలింపు పెట్టావంటే స్మోక్ అలారం మోగడం ఖాయం. కిటికీ తెరిచి సన్నని సెగ మీద పెట్టు. అలారం బ్యాటరీ మాత్రం పీకొద్దు, చుట్టూ కర్ర ఇల్లు. ఇంటి దగ్గరే పులిహోర కలుపుకుని, చపాతీలు కాల్చుకుని, పప్పు ఒక డబ్బాలో తెచ్చుకుంటే మొదటి రోజు పొయ్యి వెలిగించే పనే ఉండదు. చిన్న రైస్ కుక్కర్ తెచ్చుకో. పసుపు చేతులు వాళ్ల తెల్ల టవళ్లకు తుడవకండి, డబ్బులు కట్టమంటారు. నూనె, అన్నం మెతుకులు సింకులో పొయ్యొద్దు, ఆ కొండల మీద చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకే. బాత్రూమ్‌లోకి మగ్గు పట్టుకెళ్లు, అమ్మానాన్నలు మొదట అడిగేది అదే.

రాత్రి ఇల్లు టకటకమని చప్పుడు చేస్తే భయపడకండి. చలికి దుంగలు బిగుసుకుంటాయి, పొద్దున వేడికి సాగుతాయి. గోడ దుంగల్లో పొడవునా పగుళ్లు కనపడినా ఇల్లు పడిపోదు, చెక్క ఎండేకొద్దీ వచ్చేవే. అద్దెకిచ్చే చాలా 'లాగ్ క్యాబిన్లు' నిజానికి మామూలు ఇళ్లే, బయట దుంగల్లా కనిపించే చెక్క అతికిస్తారు. అసలుది చూడాలంటే పార్కులోనే ఉన్న కేడ్స్ కోవ్ అనే లోయలో, అక్కడ మొదట్లో స్థిరపడ్డ జాన్ ఆలివర్ ఇంటికి తీసుకెళ్లు. 1820ల నాటిది. మూలల్లో గాట్లు కొట్టి దుంగను దుంగలో కూర్చోబెట్టారు, వాటి బరువే వాటిని పట్టి ఉంచుతుంది, మేకు కొట్టలేదు. సందుల్లో మట్టి మెత్తారు. మీ నాన్నగారు అక్కడ అరగంట నిలబడతారు చూడు. కేడ్స్ కోవ్‌ను చుట్టివచ్చే 11 మైళ్ల రోడ్డు వన్‌వే, సెలవుల్లో కార్లు పాకుతాయి, పొద్దున్నే వెళ్లండి.

ఒక్క విషయం సీరియస్‌గా చెప్తున్నా. 2016లో సరిగ్గా థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం, నవంబర్ 28న, పెద్ద గాలికి అడవి మంట గాట్లిన్‌బర్గ్ మీదికి వచ్చింది. 14 మంది చనిపోయారు, దాదాపు 2,500 కట్టడాలు కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. ఆకులు రాలి ఎండిపోయిన కాలం అది. క్యాబిన్‌కు చేరిన రోజే కిందికి దిగే దారి, రెండో దారి ఉంటే అదీ, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్‌గా పెట్టుకో. ఇంటి అడ్రస్ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు, 911కి ఫోన్ చేస్తే అదే అడుగుతారు. గ్రిల్ బొగ్గులు డెక్ మీద పారబోయొద్దు. చలేసిందని బొగ్గుల గ్రిల్ ఇంట్లోకి అసలే తేవద్దు, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్‌కు వాసన ఉండదు, మనుషులు నిద్రలోనే పోతారు. పెద్దాసుపత్రి సెవియర్‌విల్‌లో ఉంది. అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్ కార్డులు, మందుల చీటీ దగ్గర పెట్టుకో.

మారియెట్టా నుంచి

నాది వేరే అభిప్రాయం. కొత్త లైసెన్స్, మోకాళ్ల నొప్పి, రద్దీ ఉన్న వారం. ఈ మూడూ కలిసినప్పుడు గాట్లిన్‌బర్గ్ కొండలెందుకు? జార్జియాలోనే బ్లెయిర్స్‌విల్ దగ్గర వోగెల్ స్టేట్ పార్కు ఉంది. బ్లడ్ మౌంటెన్ పక్కన, చెరువు ఒడ్డున, పార్కువాళ్లే అద్దెకిచ్చే క్యాబిన్లు. హాట్ టబ్ ఆర్భాటం లేదు, డ్రైవ్ సగం కూడా ఉండదు. కాకపోతే సెలవులకు ఎప్పుడో నిండిపోతాయి, ఎవరైనా క్యాన్సిల్ చేస్తారేమో రోజూ చూస్తుండాలి. అసలైన మోటు బస కావాలంటే స్మోకీస్‌లోనే మౌంట్ లెకాంట్ కొండ మీద లాడ్జ్ ఉంది, కరెంటు లేదు, కిరోసిన్ దీపాలు, నడిచే ఎక్కాలి, దగ్గరి దారే ఐదు మైళ్లు. అది మీ దంపతులిద్దరూ ఇంకోసారి పెట్టుకోండి.

కమింగ్ నుంచి

అందరికీ చాలా థాంక్స్. ఓనర్‌ను అడిగితే చివరి అర మైలు కంకర, గుమ్మానికి 22 మెట్లు అన్నారు, అది వదిలేశాను. గాట్లిన్‌బర్గ్ దగ్గరి ఊరు పిజన్ ఫోర్జ్‌లో, కింద భాగంలో మెట్లు లేనిది చూస్తున్నా. రెండు డౌట్లు: పార్కుకు టికెట్ ఎంత? నాన్నకు తెల్లవారుజామున వాకింగ్ అలవాటు, ఫర్వాలేదా?

ఆల్ఫారెట్టా నుంచి

మంచి పని చేశారు. పార్కులోకి వెళ్లడానికి టికెట్ లేదు. 15 నిమిషాలకు మించి కారు ఆపితే మాత్రం పార్కింగ్ ట్యాగ్ ఉండాలి, 2023లో పెట్టారు: రోజుకు 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. మీకు వారం ట్యాగ్ సరిపోతుంది, అది ఒక్క కారు నంబర్ మీదే ఇస్తారు కాబట్టి ఏ కారులో వెళ్తారో ముందే తేల్చుకోండి.

నాన్నగారిని బాగా తెల్లారాక, పిజన్ ఫోర్జ్ ఊళ్లోనే నడవమనండి. అక్కడ నది ఒడ్డున చదునైన కాలిబాట ఉంది. జేబులో పల్లీలు, బిస్కెట్లు వద్దు. ఒంటరిగా కాకుండా మీరూ వెంట వెళ్లండి.