అండమాన్‌లో వానాకాలం మొక్కల నమూనాలు బూజు పట్టకుండా ఆరబెట్టడం ఎలా?

ఉద్దానం కుర్రాడు అడిగింది:

మాస్టార్లందరికీ నమస్కారం. జూన్ నుంచి అండమాన్‌లో ఒక సర్వేకి మొక్కలు సేకరించే పని ఒప్పుకున్నాను. కొన్ని క్యాంపులు కరెంటు లేని దీవుల్లో, వారం పైనే ఉంటాయి. శ్రీకాకుళంలో చదివినప్పుడు నేర్పింది పేపర్లు మార్చి ఎండలో పెట్టడం. అక్కడ ఎండే ఉండదంటున్నారు. ప్రెస్‌లో (మొక్కల్ని పేపర్ల మధ్య బిగించి నొక్కే చట్రం) పెట్టిన రెండో రోజుకే బూజు, మూడో రోజుకి ఆకులన్నీ రాలి పుల్లలు మిగులుతాయట. ఏం చెయ్యాలి? మొగలి, తాటి జాతుల్లాంటి పెద్ద ఆకులవీ, ఆర్కిడ్లూ ఎలా నొక్కాలి? నోట్సులో తప్పనిసరిగా ఏం రాయాలి?

ఆకూ అలమూ:

బాబూ, కోసిన కొమ్మ ప్రెస్‌లో పెట్టగానే చచ్చిపోదు. ఆకు రెండు మూడు రోజులు బతికే ఉండి నీరు వదుల్తుంది. ఆ నీటికి బయటికి పోయే దారి లేకే బూజు, ఆకు రాలడం, నల్లబడడం. అందుకని ఆకుని తొందరగా చంపాలి, కట్టలోంచి గాలి ఆడించాలి.

ప్రెస్ 45 × 30 సెంటీమీటర్లు ఉంటే చాలు, ఎందుకంటే చివరికి అతికించే షీటు 42 × 28. వరస ఇలా: గళ్ల అట్ట (టీవీ పెట్టెలకి వచ్చేది), బ్లాటింగ్ (నీరు పీల్చే కాగితం), మొక్క ఉన్న న్యూస్ పేపర్ మడత, బ్లాటింగ్, మళ్లీ అట్ట. అట్టలో గొట్టాలు ప్రెస్ పొట్టి వైపుకి సమాంతరంగా ఉండేలా కోయించు. అప్పుడు ప్రెస్‌ని పొడుగు అంచు మీద నిలబెడితే కింద వేడి గాలి 30 సెంటీమీటర్లే ప్రయాణించి పైకి పోతుంది. అడ్డదిడ్డంగా కోసిన అట్టలు పెడితే వేడి అంతా పక్కలకి పోయి మధ్యలో మొక్కలు పచ్చిగానే ఉండిపోతాయి.

కరెంటు ఉన్న చోట ప్లైవుడ్ పెట్టెలో అడుగున పాతకాలం బల్బులు రెండు మూడు (ఎల్‌ఈడీకి వేడి రాదు), కింద గాలి లోపలికి రావడానికి రంధ్రాలు, పైన తెరిచి ఉండాలి. 45 నుంచి 50 డిగ్రీలు సరిపోతుంది. 60 దాటితే ఆకు మాడి, ముట్టుకుంటే పొడైపోతుంది.

మొదటి రోజు సాయంత్రమే ఒకసారి విప్పు. అప్పటికి ఆకు వాడి మెత్తబడి ఉంటుంది, సర్దడానికి అంతకంటే మంచి సమయం రాదు. ఒకట్రెండు ఆకులు వీపు కనబడేలా తిప్పాలి, నూగూ ఈనెలూ అటు పక్కే చూస్తారు. మొక్క ఉన్న పేపర్ మార్చకు, బ్లాటింగులే మార్చు. ఆరిందో లేదో తెలియాలంటే ఆకుని చెంపకి ఆనించి చూడు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆరకుండా కట్ట కట్టావో, పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి మొత్తం కట్ట బూజే.

స్పిరిట్ సీసా:

పై మాస్టారు చెప్పింది కరెంటున్న చోటికి. లేని చోట కిరసనాయిలు స్టవ్ మీద ప్రెస్ పెట్టే అలవాటు కొందరికుంది, నన్నడిగితే వద్దు. పేపర్ అంటుకుంటే కట్టతోపాటు గుడారం కూడా పోతుంది. ష్వైన్‌ఫర్త్ పద్ధతి వాడు. మొక్కల్ని న్యూస్ పేపర్ మడతల్లో పెట్టి ఒక జానెడు ఎత్తు కట్ట కట్టు. మందపాటి పాలిథిన్ సంచిలో నిలబెట్టి, పేపర్లు పూర్తిగా తడిసేదాకా 70 శాతం స్పిరిట్ పొయ్యి. కట్టకి లీటరు దాకా పడుతుంది. గాలి పిండేసి మూతి గట్టిగా కట్టి, రెండో సంచిలో దించు. ఇలా వారాల తరబడి ఆగుతాయి. స్పిరిట్ కణాన్ని చంపేస్తుంది కాబట్టి ఆకు రాలదు. క్యాంపు నుంచి వచ్చాక విప్పి మామూలుగా ఆరబెట్టుకోవడమే.

దీంతో నష్టాలూ ఉన్నాయి. రంగులు పోతాయి, ఆకు గోధుమ రంగుకి తిరుగుతుంది. డీఎన్ఏ పాడవుతుంది, అందుకే స్పిరిట్ తగలకముందే లేత ఆకు ముక్క టీ సంచిలో పెట్టి, దాని బరువుకి కనీసం పది రెట్లు సిలికా జెల్ (చెమ్మ పీల్చే గుళికలు) ఉన్న జిప్ కవర్లో వెయ్యాలి. ఇంకోటి, బాల్‌పెన్ను రాత స్పిరిట్‌లో కరిగిపోతుంది. పెన్సిల్‌తోనే రాయి.

ఉద్దానం కుర్రాడు:

మాస్టారూ, నాకు దొరికేది 95 శాతం అయితే నీళ్లు ఎంత కలపాలి? విమానంలో తీసుకెళ్లనిస్తారా?

స్పిరిట్ సీసా:

70 పాళ్ల స్పిరిట్‌కి 25 పాళ్ల నీళ్లు. విమానంలో ఆశ పెట్టుకోకు, అక్కడే కొనుక్కో. జంగ్లీఘాట్ వైపు మన శ్రీకాకుళం వాళ్లు ఉన్నారు, తెలుగులో అడిగితే దుకాణం చూపిస్తారు.

మొగలిపొద:

మొగలి గురించి నేను చెప్తాను. ఆకు మొత్తం షీటులో పట్టదు, పట్టించాలని చూడకు. మొదలు, నడుమ, కొస అని మూడు ముక్కలు కోసి, ఒకే నంబరు వేసి, పక్కన 'మొదలు 1/3' అని రాయి. పూర్తి పొడవు, వెడల్పు, అంచు ముళ్లు ఏ వైపు తిరిగాయో కోసే ముందే కొలిచి రాసుకో. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు కాబట్టి రెంటికీ వేరు నంబర్లు. కాయని ప్రెస్‌లో పెట్టకు, విడగొట్టి తొనలు నాలుగైదు విడిగా గుడ్డ సంచిలో ఆరబెట్టు, సంచికీ అదే నంబరు. నికోబార్‌లో పెద్ద కాయ కాసే ఇంకో మొగలి జాతి అక్కడివాళ్లకి తిండి, దాన్ని మన ఉద్దానం మొగలితో కలిపెయ్యకు.

ఆర్కిడ్లు, బొద్దుగా ఉండేవన్నీ ప్రెస్‌లో కూడా చిగురేస్తాయి. పువ్వు తప్పించి, మిగతాది మరుగుతున్న నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి తీసి నొక్కాలి. పువ్వు రెండు మూడు 70 శాతం స్పిరిట్ సీసాలో. నొక్కిన పువ్వులో పెదవి (మిగతావాటికి భిన్నంగా ఉండే రేక) ఆకారం ఎవరికీ అర్థం కాదు.

వెళ్లే ముందు బారువ తీరంలో బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు కోసి సాధన చెయ్యి. బాలబంద అక్కడి తీరాల్లోనూ ఉంటుంది.

గుమ్మడి పాదు:

నోట్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆరిన మొక్క చూసి తెలియనివన్నీ రాయాలి: పువ్వు రంగు, వాసన, గిల్లితే పాలు కారుతున్నాయా, చెట్టు ఎత్తు, బెరడు తీరు, నేల, పక్కన ఏమున్నాయి, జీపీఎస్, స్థానికంగా ఏమంటారు. ఈ చివరిది తేలిగ్గా తీసెయ్యకు. ఇండోనేసియాలోని అంబాన్ దీవిలో డచ్చి కంపెనీ ఉద్యోగి రంఫియస్ జీవితమంతా మొక్కలు రాశాడు. 1670లో చూపు పోయింది, 1674 భూకంపంలో భార్య, కూతురు చనిపోయారు, 1687లో మొక్కల బొమ్మలు కాలిపోయాయి, 1692లో రాతప్రతి తీసుకెళ్లే ఓడ మునిగింది. బటావియాలో (ఇప్పటి జకార్తా) ఒక నకలు తీయించి ఉంచారు కాబట్టి బతికింది, ఆయన పోయాక 1741 నుంచి అచ్చయింది. నమూనాలు మాత్రం మిగల్లేదు. అందుకే 1913లో రాబిన్సన్ అనే వృక్షశాస్త్రవేత్త అంబాన్ వెళ్లి మళ్లీ మొక్కలు కోయాల్సి వచ్చింది. రంఫియస్ రాసిపెట్టిన మలయ్, అంబాన్ పేర్లు పాత వర్ణనలకి ఇప్పటి మొక్కల్ని జతచెయ్యడానికి పనికొచ్చాయి.

కాబట్టి ఒక్కో నంబరుకి మూడు నుంచి ఐదు డూప్లికేట్లు (అదే మొక్క నుంచి అదనపు నమూనాలు) తియ్యి, నోట్సు పేజీలు ప్రతి రాత్రి ఫోటో తీసి వేరే చోట దాచు. కట్టలన్నీ ఒకే పడవలో వెయ్యకు.

ఆదిమ జాతుల రిజర్వుల్లోకి 1956 రెగ్యులేషన్ ప్రకారం అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, అటవీ శాఖ అనుమతి వేరే. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) బొటానికల్ సర్వే వాళ్ల ప్రాంతీయ కేంద్రం 1972 నుంచి ఉంది. దిగగానే అక్కడి హెర్బేరియంలో (ఆరిన మొక్కల షీట్లు దాచే చోటు) నువ్వు వెళ్లే దీవుల షీట్లు చూసి, ఏవి పూతతో దొరకలేదో జాబితా రాసుకో. పూతా కాయా లేని కొమ్మ కోసి బరువు మోసే పని తగ్గుద్ది.

ఆకూ అలమూ:

ఇంకొక్కటి. పురుగు చావడానికి పాత షీట్లకి పాదరసం మందు పూసేవారు, వాటిని చేతి తొడుగుల్లేకుండా ముట్టుకోకు. ఇప్పుడు ఆరిన కట్టని పాలిథిన్‌లో బిగించి మైనస్ 20 దగ్గర వారం పెడితే చాలు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకు, విప్పితే చెమ్మ మొక్క మీదే దిగుద్ది.