అప్‌డేట్: తెలుగు రానివాళ్లు క్షేత్రయ్య పదం ఆడొచ్చా?

తెలుగు రాని భరతనాట్యం విద్యార్థులకు క్షేత్రయ్య పదం (నెమ్మదిగా పాడుతుంటే అభినయించే శృంగార గీతం) నేర్పాలంటే భాష కూడా నేర్పాలా అని అడిగాను కదా. మీ జవాబులతో తేలిందిదీ: జతిస్వరం అనే నృత్యాంశానికి అక్కర్లేదు, అందులో స్వరాలే తప్ప సాహిత్యమే (పాట మాటలే) లేదు. పదానికి మాత్రం భావం చెబితే చాలదు, ప్రతిపదార్థం కావాలి.

ఎక్కువ తప్పులు క్రియ దగ్గరే. ‘రారా’ అంటే రమ్మని, ‘రాకురా’ అంటే వద్దని. మధ్యలో ఒక్క ‘కు’తో హస్తం (చేతి సంజ్ఞ) తలకిందులవుతుంది. చివర ‘రా’ వస్తే మాట నాయకుడితో, ‘వే’ వస్తే సాధారణంగా చెలికత్తెతో; చూపు అటే తిరగాలి. విళంబంలో (నెమ్మది నడకలో) సాగదీసేసరికి మాట మధ్యలో విరుగుతుంది, అందుకే విని రాసుకున్న సాహిత్యాన్ని నమ్మకుండా, ముందు తాళం లేకుండా చదివించి సంధులు విడగొట్టించాలి. ఇక ‘మువ్వగోపాల’ ముద్ర (క్షేత్రయ్య సంతకంగా పెట్టే పేరు) రాగానే కృష్ణుడిలా వేణువు పట్టేయడం కూడా తప్పే (ఇది తెలుగువాళ్లూ చేస్తారు!): అప్పటికీ నాయిక కోపంలోనే ఉండొచ్చు.